గోదావరి డెల్టాలో మాడిఫై చేసిన కారుకు ఏ ఇంజన్ ట్యూనింగ్ సరిపోతుందో ఎంచుకోవడం ఎలా

ఇన్‌టేక్ (ఇంజన్ గాలి పీల్చే దారి) మార్చారు, డౌన్‌పైప్ (ఇంజన్ పొగ ఎగ్జాస్ట్‌లోకి వెళ్లే మొదటి గొట్టం) వేయించారు, ఎగ్జాస్ట్ పని కూడా అయిపోయింది. ఇక ట్యూనింగ్, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) లోని లెక్కల్ని మార్చడం, ఏ పద్ధతిలో చేయించాలో తేల్చుకోవాలి. ఇక్కడికొచ్చాక అందరూ ముందు అడిగేది ‘ఎంత పవర్ వస్తుంది?’ అనే. ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెట్టండి. మన గోదావరి జిల్లాల్లో కారు నడిపేవాళ్లకి ముందు తేలాల్సినవి మూడున్నాయి: మీ ఊరి బంకులో దొరికే పెట్రోల్, మే నెల మధ్యాహ్నం ఇంజన్ పీల్చే గాలి వేడి, ఏదైనా తేడా వస్తే ట్యూనర్ దగ్గరికి మీరు వెళ్లాల్సిన దూరం. ఈ మూడూ తేలితే సగం పని అయిపోయినట్టే.

ముందు కారుని పరీక్ష చేయించండి

కంపెనీవాళ్లు ఇంజన్‌లో కొంత వెసులుబాటు ఉంచుతారు. ట్యూనింగ్ ఆ వెసులుబాటునే వాడుకుంటుంది. పాత కారులో అది ఇప్పటికే అరిగిపోయి ఉండొచ్చు. అందుకని నమ్మకమైన మెకానిక్ చేత అన్ని సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే ఒత్తిడి) చూపించండి. సిలిండర్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటే ట్యూనింగ్ మాట ఎత్తకండి, ముందు ఇంజన్ పని చేయించండి. టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెట్టే పరికరం) నుంచి ఇంజన్ దాకా వెళ్లే గొట్టాల్లో లీకు ఉందేమో స్మోక్ టెస్ట్ చేయించండి. స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేయించండి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేది) బాగా తిరిగి ఉంటే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుని ఉంటుంది, దాన్ని శుభ్రం చేయించడం మంచిది. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందో లేదో చూడండి, ఎందుకో కింద చెప్తాను.

రేడియేటర్, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) రెక్కల్ని మర్చిపోవద్దు. కోతల కాలంలో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. ఆ పొట్టు, దుమ్ము, దానికి తోడు కాలువ గట్ల మీది మట్టి ఆ రెక్కల్లో ఇరుక్కుపోతాయి. బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది. బంపర్ విప్పి చూస్తేగానీ తెలియదు.

తర్వాత ఒక కాగితం మీద మీ కారులో ఉన్నవన్నీ రాయండి: ఇంజన్ మోడల్, గేర్‌బాక్స్ రకం, ఇప్పటిదాకా మార్చిన ప్రతి పార్టు. గేర్‌బాక్స్ రాయడం చాలా ముఖ్యం. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీ, అంటే డీక్యూ200, తట్టుకునేలా తయారైంది 250 ఎన్ఎమ్ (న్యూటన్ మీటర్ల) టార్క్ (తిప్పే బలం) వరకే. స్లావియా 1.5 టీఎస్ఐ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 ఎన్ఎమ్ ఇస్తుంది. పాత పోలో జీటీ 1.2 టీఎస్ఐలో ఇదే గేర్‌బాక్స్, కానీ దాని టార్క్ 175 ఎన్ఎమ్. అంటే పోలోకి పెరగడానికి జాగా ఉంది, స్లావియా డీఎస్‌జీకి లేదు. స్లావియాలో 320 ఎన్ఎమ్ తెప్పిస్తామని ఎవరైనా అంటే ఇంజన్ తట్టుకోవచ్చు, క్లచ్ ఖర్చు మాత్రం మీది.

బంకు దగ్గర తేల్చుకోవాల్సినవి

మామూలు పెట్రోల్ చాలా ఏళ్లు 91 ఆక్టేన్. ఇరవై శాతం ఇథనాల్ కలిపాక అది 95కి చేరిందని ప్రభుత్వం అంటోంది, కానీ మీ బంకులో అడిగి తేల్చుకునేదాకా 91 అనే లెక్క వేసుకోండి. ఎక్స్‌పీ95 లాంటివి 95. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఎక్స్‌పీ100 పెద్ద నగరాల్లో కొన్ని బంకులకే పరిమితం. దాని మీద ఆధారపడి ట్యూన్ చేయిస్తే రాజోలులో ట్యాంకు ఖాళీ అయినప్పుడు ఏం పోస్తారు?

ఆక్టేన్ అంటే పెట్రోల్ తనంతట తాను పేలకుండా ఎంత ఒత్తిడికి, ఎంత వేడికి ఆగగలదో చెప్పే కొలత. 95 కోసం కట్టిన ఫైల్ (ఈసీయూలోకి ఎక్కించే ట్యూనింగ్ ప్రోగ్రామ్) ఉన్న కారులో 91 పోస్తే సిలిండర్‌లో నాకింగ్ మొదలవుతుంది. నాక్ సెన్సర్ దాన్ని పట్టుకుని స్పార్క్ టైమింగ్‌ని (స్పార్క్ వచ్చే సమయాన్ని) వెనక్కి లాగుతుంది. పవర్ పడిపోతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, డబ్బులిచ్చి కొనుక్కున్న ట్యూనింగ్‌లో మీకు మిగిలేది ఇంజన్ మీద భారమే. కాబట్టి మీరు రోజూ తిరిగే దారిలో ఉన్న బంకులకు వెళ్లి 95 ఎప్పుడూ ఉంటుందా, అప్పుడప్పుడే వస్తుందా అని అడగండి. ట్యాంకర్ రాక వారాలు గడిచే బంకుని లెక్కలోకి తీసుకోవద్దు. ఏడాది పొడుగునా 95 దొరుకుతుందన్న నమ్మకం లేకపోతే 91 మీదే ట్యూన్ చేయించుకోండి. కాస్త పవర్ తగ్గినా ఏ ఊళ్లో ఆగినా టెన్షన్ ఉండదు. కొన్ని కార్లకి రెండు మ్యాపులు (ట్యూనింగ్ లెక్కల పట్టికలు) పెట్టి మార్చుకునే వీలుంటుంది. అది ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్ నాకింగ్‌ని తట్టుకుంటుంది, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది. ఆ మేరకు మేలే. కానీ దానికి ఇంధనం ఎక్కువ కావాలి. ఇథనాల్ కలవని పెట్రోల్‌కి గాలి, పెట్రోల్ నిష్పత్తి 14.7 అయితే ఈ20కి అది 13.5 ప్రాంతంలో ఉంటుంది. ఈ20 రాకముందు కట్టిన ఫైల్స్ ఇంకా చేతులు మారుతున్నాయి. ఫుల్ యాక్సిలరేటర్ మీద అలాంటి ఫైల్‌లో ఇంధనం చాలకపోవచ్చు, ఇంజెక్టర్లూ హై ప్రెషర్ పంపూ వాటి హద్దు దాకా వెళ్లిపోవచ్చు. ట్యూనర్‌తో మాట్లాడేటప్పుడు ఈ నిష్పత్తి కాకుండా లాంబ్డాలో అడగండి, పెట్రోల్ ఏదైనా ఆ కొలతకి ఒకటే అర్థం: 1 అంటే గాలి, ఇంధనం సరిపాళ్లు, అంతకంటే తక్కువైతే ఇంధనం ఎక్కువ. టర్బో ఇంజన్‌కి పూర్తి లోడ్ మీద 0.80 నుంచి 0.85 మధ్య ఉండడం మామూలు.

ఇంకో మాట. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. ఆదివారాలే బయటికి తీసే కారుని సగం ట్యాంకుతో నెలల తరబడి షెడ్డులో పెట్టకండి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, ట్యాంకు నిండుగా ఉంచితేనే మేలు.

మీ రోడ్లు ఏమంటున్నాయి?

ఎన్‌హెచ్ 16 మీద రావులపాలెం నుంచి తాడేపల్లిగూడెం దాకా నాలుగు వరుసల రోడ్డు ఉన్నమాట నిజమే. కానీ మన డ్రైవింగ్‌లో ఎక్కువ భాగం పాలకొల్లు, అమలాపురం, నరసాపురం చుట్టూ ఉన్న రెండు వరుసల రోడ్ల మీదే, కాలువ గట్ల మీదే. ముందు ట్రాక్టరో, రొయ్యల వ్యానో ఉంటుంది. గంటకు నలభై కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారిగా దాటాలి. అక్కడ పనికొచ్చేది 2,500 నుంచి 5,000 ఆర్‌పీఎమ్ మధ్య సమంగా అందే టార్క్. 6,500 దగ్గర వచ్చే అంకె డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం మీద అందంగా ఉంటుంది, ముక్కామల రోడ్డు మీద మీకు దొరకదు.

అలాగని టార్క్ మరీ కిందికి దిగినా ప్రమాదమే. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో 2,000 ఆర్‌పీఎమ్ లోపు పెద్ద గేరులో ఉండి గట్టిగా తొక్కితే ఎల్ఎస్‌పీఐ (తక్కువ వేగంలో ఇంధనం ముందే అంటుకోవడం) అనే పేలుడు రావచ్చు. అది స్పార్క్ కంటే ముందే జరుగుతుంది. నాక్ సెన్సర్ తేరుకునేలోపే పిస్టన్ పగిలిపోవచ్చు. ట్రాక్టర్ వెనక నాలుగో గేరులో ఉండి అక్కడి నుంచే తొక్కడం మనకి అలవాటు కాబట్టి ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏపీఐ ఎస్‌పీ ఆయిల్ ఈ సమస్యని దృష్టిలో పెట్టుకుని తయారైంది, అందుకే పైన దాన్ని అడిగాను. ట్యూనర్‌కి కూడా ‘2,000 లోపు కంపెనీ టార్క్ దాటొద్దండి’ అని స్పష్టంగా చెప్పండి. ముందున్న బండిని దాటే పికప్ కోసం ఇంజన్‌ని పణంగా పెట్టక్కర్లేదు, ఒక గేరు తగ్గిస్తే చాలు.

పద్ధతులు: ఏది ఎవరికి

ఇక్కడ మొదటి నిర్ణయం మీ చేతిలో ఉండకపోవచ్చు, ఈసీయూ చేతిలో ఉంటుంది. 2020 జూన్ తర్వాత తయారైన చాలా బీఎండబ్ల్యూల ఈసీయూలకి తాళం వేసి ఉంటుంది. ఉదాహరణకి వాళ్ల ఎం340ఐ మన దేశానికి వచ్చింది 2021లో. అలాంటి కారుకి ఈసీయూని విప్పి, తాళం తీయించి, అప్పుడు రీమ్యాప్ (ఈసీయూలోని ఫైల్‌నే మార్చడం) చేయించాలి. లేదా జేబీ4 లాంటి పిగ్గీబ్యాక్‌తో సరిపెట్టుకోవాలి. కాబట్టి మీ ఇంజన్ కోడ్, తయారైన నెల చెప్పి, ఓబీడీ పోర్టు (డాష్‌బోర్డు కింద ఉండే పరీక్షల సాకెట్) నుంచే ఫైల్ ఎక్కుతుందా, ఈసీయూ విప్పాలా అని ముందే కనుక్కోండి. విప్పాల్సి వస్తే తిరిగి మూసేటప్పుడు సీలింగ్ ఎలా చేస్తారో అడగండి. కాకినాడ నుంచి అంతర్వేది దాకా ఉప్పు గాలి తగిలే చోట ఉండేవాళ్లకి ఇది పెద్ద విషయం.

పిగ్గీబ్యాక్ లేదా ట్యూనింగ్ బాక్స్ అనేది ఈసీయూకీ సెన్సర్లకీ మధ్య కూర్చుంటుంది. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) తక్కువగా ఉందని ఈసీయూకి చూపించి, ఎక్కువ బూస్ట్ తెప్పిస్తుంది. తీసేస్తే కారు మళ్లీ మామూలైపోతుంది. అదే దాని సుగుణం. కానీ చౌక బాక్సులు టైమింగ్‌ని గానీ, టార్క్ హద్దుల్ని గానీ ముట్టుకోవు, ఈసీయూ తప్పుడు లెక్క మీద నిర్ణయాలు తీసుకుంటుంది. పార్టులు మార్చని కారుకి, మంచి కంపెనీ బాక్సు, తక్కువ సెట్టింగ్‌లో పెడితే పర్వాలేదు. డౌన్‌పైప్ మార్చిన కారుకి నేను సిఫారసు చేయను. పెట్టించుకుంటే దాని కనెక్టర్లకి డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయించి, వానాకాలం అయ్యాక ఒకసారి ఊడదీసి చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు.

రెడీమేడ్ రీమ్యాప్, అంటే అందరూ స్టేజ్ 1, స్టేజ్ 2 అని పిలిచేది, ఒక ఇంజన్ రకానికి ముందే తయారుచేసి ఉంచిన ఫైల్. స్టేజ్ 1 పార్టులు మార్చని కారుకి, స్టేజ్ 2 డౌన్‌పైప్, ఇన్‌టేక్, ఇంటర్‌కూలర్ లాంటివి మార్చిన కారుకి, స్టేజ్ 3 అంటే పెద్ద టర్బో. ఈ పేర్లకి ఒకే ప్రమాణం లేదు, ఒక కంపెనీ స్టేజ్ 2 ఇంకో కంపెనీ స్టేజ్ 2 ఒకటి కావు. పేరున్న కంపెనీ మన దేశపు పెట్రోల్ మీద పరీక్షించిన స్టేజ్ 1 ఫైల్ అయితే పార్టులు మార్చని పోలోకి హాయిగా సరిపోతుంది, అంతకంటే ఖర్చు పెట్టక్కర్లేదు. యూరప్ ఫైల్‌ని మాత్రం తెచ్చి ఎక్కించుకోకండి. అక్కడ మామూలు పెట్రోలే 95.

కస్టమ్ ట్యూన్ మీ ఒక్క కారు కోసం కట్టేది. డైనో మీద కట్టొచ్చు, లేదా మీరు రోడ్డు మీద తీసిన లాగ్స్ (నడుస్తుండగా ఈసీయూ నుంచి నమోదు చేసిన అంకెలు) పంపితే ట్యూనర్ ఎక్కడో కూర్చుని సవరించి ఫైల్ పంపొచ్చు. పార్టులు మార్చిన కారుకి ఇదే సరైన దారి. డెల్టాలో ఉండేవాళ్లకి ఈ రెండూ కలిపి చేయడమే అన్నిటికన్నా మంచిదని నా గట్టి అభిప్రాయం: నగరంలో డైనో మీద మొదటి ఫైల్ కట్టించుకుని, ఇంటికొచ్చాక మన పెట్రోల్, మన ఎండలో లాగ్స్ తీసి, వాటిని బట్టి రెండో, మూడో సవరణ చేయించడం. బేరం ఆడేటప్పుడు రేటు తగ్గించమని అడగడం కంటే ఈ సవరణలు ధరలో కలిపి ఇవ్వమని అడగండి.

స్టాండలోన్ ఈసీయూ, అంటే మోటెక్, హాల్‌టెక్, లింక్ లాంటివి, కంపెనీ కంప్యూటర్‌ని పూర్తిగా తీసేసి పెట్టేవి. పాత హోండా సిటీ వీటెక్‌కి టర్బో పెట్టినవాళ్లకి, ట్రాక్ కారు కట్టేవాళ్లకి. రోజువారీ కొత్త కారుకి వద్దు. ఏసీ నుంచి మీటర్ దాకా అన్నీ కొత్తగా కలపాల్సి వస్తుంది, వైరింగ్ తెలిసిన మనిషి పక్కనే ఉండాలి.

ఏ ఊళ్లో చేయించాలి?

ఈ విషయం ట్యూనర్లు కూడా అంతగా మాట్లాడరు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, హైదరాబాద్ 500 మీటర్ల పైన. మనం దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నాం. బెంగళూరులో గాలి ఒత్తిడి మన దగ్గరి కంటే పదో వంతు దాకా తక్కువ. టర్బో లేని ఇంజన్‌ని అక్కడ ట్యూన్ చేస్తే మ్యాప్‌లో పై వరుస గళ్ల (ఇంజన్ మీద ఎక్కువ లోడ్ ఉన్నప్పుడు వాడే అంకెల) దాకా అది వెళ్లనే వెళ్లదు. అదే కారు భీమవరం వచ్చాక చిక్కటి గాలి పీల్చి ఆ గళ్లలోకి వెళ్తుంది. అక్కడ ఎవరూ పరీక్షించని టైమింగ్ ఉంటుంది. పైగా అక్కడి చల్లటి గాలి ఎక్కడ, రోహిణి కార్తెలో ఇక్కడి గాలి ఎక్కడ. టర్బో కారుకి ఎత్తు తేడా ఇంత సూటిగా తగలదు, కానీ వేడి తేడా ఇంకా గట్టిగా తగులుతుంది. గాలిలో తేమ పవర్‌ని కాస్త తగ్గిస్తుందేగానీ నాకింగ్‌ని పెంచదు, మన శత్రువు వేడి.

చెన్నై సముద్రమట్టంలోనే ఉంది, ఎండా తేమా మనలాగే. కుదిరితే అక్కడ చేయించండి. బెంగళూరు, హైదరాబాద్ ట్యూనర్ మీద నమ్మకం ఉంటే అక్కడే చేయించండి, తప్పులేదు. కానీ ‘కారు సముద్రమట్టంలో, నలభై డిగ్రీల ఎండలో తిరుగుతుంది, పై గళ్లలో టైమింగ్ కాస్త వెనక ఉంచండి’ అని ముందే చెప్పండి. ఈ మాట వినగానే అర్థం చేసుకుని ఎదురు ప్రశ్నలు వేసే మనిషి అయితే మీకు సరైనవాడు దొరికినట్టే.

డైనో కాగితం చూసేటప్పుడు ఆ రోజు గది వేడి ఎంత, కరెక్షన్ ఏ ప్రమాణం ప్రకారం వేశారు అని అడగండి. ఎస్ఏఈ జె1349 అయితే 25 డిగ్రీల లెక్కకి సరిచేసి చూపిస్తుంది. మీ ఊళ్లో మే నెలలో ఆ అంకె రాదు. ట్యూనింగ్‌కి ముందు, తర్వాత అదే రోజు అదే డైనో మీద తీసిన రెండు గీతల మధ్య తేడా ఒక్కటే నమ్మదగింది.

చట్టం, ఇన్సూరెన్స్

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పార్టులు కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో ఏది కుదురుతుందో కనుక్కోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పులు రాసి ఇవ్వండి, చెప్పకపోతే క్లెయిమ్ ఆగిపోవచ్చు. కెటాలిటిక్ కన్వర్టర్ తీసేయమనే ట్యూనర్‌ని వదిలేయండి, క్యాట్ ఉంచే మంచి ట్యూన్ కట్టొచ్చు. పొగ మన పల్లెల మీదికే వస్తుంది. పూర్తి వేగం చూడాలనుంటే ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది.

ఫైల్ ఎక్కించే రోజు

ముందుగా కారులో ఉన్న అసలు ఫైల్‌ని చదివి, ఒక కాపీ మీకు ఇవ్వమనండి. ఇవ్వనంటే అక్కడ చేయించకండి. ఫైల్ ఎక్కుతుండగా బ్యాటరీ ఓల్టేజీ పడిపోతే ఈసీయూ చచ్చిపోవచ్చు. బ్యాటరీకి సపోర్ట్ చార్జర్ పెట్టమనండి. మీ ఇంటి దగ్గర షెడ్డులో ఎక్కిస్తుంటే కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టర్ లైన్‌కి కలపండి. బూస్ట్ పెరుగుతుంటే ప్లగ్ గ్యాప్ కాస్త తగ్గించాలా, ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు (వేడిని త్వరగా వదిలేవి) వేయాలా అనేది కూడా అప్పుడే తేల్చుకోండి.

ఇంటికొచ్చాక

మంచి ఓబీడీ డాంగిల్ ఒకటి కొని లాగ్ తీయడం నేర్చుకోండి. కావాల్సినవి ఇవి: ఇన్‌టేక్ గాలి వేడి, సిలిండర్ వారీగా టైమింగ్ ఎంత వెనక్కి వెళ్తోంది, అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, లాంబ్డా, ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనానికి చేసే సవరణ), డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి అందే ఇంధన ఒత్తిడి). ఖాళీ రోడ్డు మీద, పక్కన లాప్‌టాప్ చూసే మనిషితో, రెండో గేరులో లాగండి. హద్దు దాటని వేగంలోనే పూర్తి లాగ్ వస్తుంది. పెద్ద గేరు లాగ్ కావాలంటే డైనో మీదే. జనం తిరిగే గట్ల మీద ఈ పని అసలు పెట్టుకోకండి.

తెల్లవారుజామున ఒక లాగ్, మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు ఆగి బయల్దేరాక ఒక లాగ్ తీయండి. రెండోదే అసలు పరీక్ష. ఇన్‌టేక్ గాలి 50, 60 డిగ్రీలు దాటే కొద్దీ ఈసీయూ టైమింగ్‌ని తగ్గిస్తూ పోతుంది, అది దాని ధర్మం. కానీ ఒకే సిలిండర్‌లో పదేపదే నాలుగు డిగ్రీలకి మించి వెనక్కి పోతుంటే, రైల్ ప్రెషర్ జారిపోతుంటే, అడిగిన బూస్ట్ రాకుండా టర్బో ప్రాకులాడుతుంటే ఆ ఫైల్ మీద గట్టిగా తొక్కకండి. లాగ్స్ పంపి సవరణ వచ్చేదాకా నెమ్మదిగా నడపండి. చెక్ ఇంజన్ లైటు మినుకుమినుకుమంటే అక్కడికక్కడే పక్కకి ఆపండి.

శీతాకాలంలో ట్యూన్ చేయించినవాళ్లు మే నెలలో మళ్లీ లాగ్ తీసి పంపాలి. వానలు మొదలయ్యాక కింద వేలాడే ఇన్‌టేక్ ఉన్నవాళ్లు దాన్ని పైకి మార్పించుకోండి. గోదారి పొంగి లంక రోడ్ల మీదికి వచ్చిన నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయొద్దని జాబ్ కార్డు మీద రాయించండి, చేస్తే మీ ట్యూన్ చెరిగిపోతుంది. కారు అమ్మే రోజు వస్తే కొనేవాళ్లకి ట్యూన్ సంగతి చెప్పి, దాచుకున్న అసలు ఫైల్ ఎక్కించి ఇవ్వండి.